ఫోన్ కెమెరాకు గీతలు పెట్టేది తాళాలు కాదు.. మన తీరంలోని ఇసుకే! తుడిచే ముందు ఇది తెలుసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం: కొత్త ఫోన్ కొనగానే చాలామంది చేసే మొదటి పని స్క్రీన్‌కు గార్డ్ వేయించడం, వెనక పౌచ్ తొడగడం. జేబులో తాళాలు, చిల్లర నాణేలు ఫోన్‌తో కలవకుండా జాగ్రత్త పడతారు. అయినా ఏడాది తిరిగేసరికి వెనక కెమెరా అద్దం మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తుంటాయి. తాళాలే తగలనప్పుడు ఈ గీతలు ఎక్కడి నుంచి వచ్చాయి?

సమాధానం ఇసుకలో ఉంది. అందులోనూ బారువ నుంచి చింతపల్లి వరకు ఉన్న మన తీరంలోని ఇసుక మామూలు ఇసుక కాదు. ఫోన్ అద్దం కన్నా గట్టి ఖనిజాలు అందులో కలిసి ఉన్నాయి. ఆ రేణువు ఒక్కటి కెమెరా మీద కూర్చున్నంత మాత్రాన పెద్దగా ఏమీ కాదు. దాన్ని చూసుకోకుండా చొక్కా అంచుతోనో, లుంగీ కొంగుతోనో గట్టిగా తుడిచినప్పుడే గీత పడుతుంది. ఇదెలా జరుగుతుంది, కంపెనీలు చెప్పే గొరిల్లా గ్లాస్, సఫైర్, 9హెచ్ అనే మాటలకు అసలు అర్థం ఏంటి, గీత పడితే ఫొటోకు ఎంత నష్టం.. ఒక్కొక్కటిగా చూద్దాం.

గీత పడేది లెన్స్ మీద కాదు

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలియాలి. ఫోన్ వెనక మనకు కనిపించే గుండ్రటి అద్దం అసలు లెన్స్ కాదు. అది లెన్స్‌కు కాపలాగా పెట్టిన పలుచని మూత. కిటికీకి వేసిన అద్దం లాంటిదే. దాని వెనక చిన్న చిన్న లెన్స్‌లు వరుసగా అమర్చి ఉంటాయి. ఫోన్లలో ఇవి ఎక్కువగా ప్లాస్టిక్‌తో తయారైనవే. వాటి వెనక ఫొటోను పట్టే సెన్సార్ ఉంటుంది.

కాబట్టి "లెన్స్ మీద గీత పడింది" అని మనం అనేది దాదాపు ఎప్పుడూ ఈ పై అద్దం గురించే. ఇది మంచి వార్తే. ఎందుకంటే చాలా మోడళ్లలో పై అద్దం ఒక్కటే విడిగా మార్చుకోవచ్చు. మొత్తం కెమెరా మార్చాల్సిన పని ఉండదు.

అయితే ఆ అద్దం ఉత్త అద్దం కూడా కాదు. మామూలు గాజు మీద వెలుతురు పడితే ఒక్కో వైపు నుంచి సుమారు 4 శాతం వెనక్కి తిరిగిపోతుంది. అలా పోకుండా కెమెరా అద్దం మీద కంటికి కనిపించనంత పలుచని పూత వేస్తారు. వేలి జిడ్డు అంటకుండా కొన్ని ఫోన్లలో ఇంకో పూత కూడా ఉంటుంది. గట్టిగా రుద్దితే గాజు కన్నా ముందు అరిగిపోయేవి ఈ పూతలే.

ఏది దేన్ని గీస్తుంది? లెక్క ఇదీ

ఒక వస్తువు ఇంకో వస్తువును గీయాలంటే మొదటిది రెండో దానికన్నా గట్టిగా ఉండాలి. ఈ సూత్రంతోనే జర్మనీ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోహ్స్ 1812లో పది మెట్ల కొలత తయారు చేశారు. దాన్నే మోహ్స్ స్కేల్ అంటారు. పలక మీద రాసే బలపం లాంటి మెత్తటి రాయిది 1వ నంబర్. వజ్రానిది 10. మధ్యలో జిప్సం 2, పాలరాయిలో ఉండే కాల్సైట్ 3, గ్రానైట్‌లో కనిపించే ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7, పుష్యరాగం 8, కురువిందం 9.

ఈ మెట్లన్నీ సమానం కావు. 9కి, 10కి తేడా ఒక్కటే కదా అనిపిస్తుంది. నిజానికి వజ్రం కురువిందం కన్నా సుమారు నాలుగు రెట్లు గట్టిది. ఈ నంబర్లు ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మాత్రమే చెబుతాయి. క్లాసులో ర్యాంకుల్లాంటివి అన్నమాట, మార్కులు కావు.

ఇప్పుడు రోజూ వాడే వస్తువులను ఈ లెక్కలో పెట్టి చూద్దాం. వేలి గోరు సుమారు 2.5. రాగి 3 దగ్గర ఉంటుంది. మామూలు కత్తి ఇనుము 5.5 దగ్గర. కిటికీ అద్దం కూడా 5.5 దగ్గరే. ఫోన్లలో వాడే గట్టిపరిచిన గాజు మీద 6వ నంబర్ దగ్గర గీతలు మొదలవుతాయి, 7 దగ్గర లోతుగా పడతాయి.

తాళాలు ఎందుకు పెద్ద దొంగలు కావు?

తాళం చెవులు ఎక్కువగా ఇత్తడితోనో, మామూలు ఇనుముతోనో చేస్తారు. ఇవి ఫోన్ గాజు కన్నా మెత్తనివి. అందుకే తాళం చెవి తగిలితే చాలాసార్లు అద్దం మీద తెల్లటి చార కనిపిస్తుంది. అది గీత కాదు, తాళం నుంచి రాలి అంటుకున్న లోహం. తడి గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. నాణేల సంగతి కూడా ఇంచుమించు ఇంతే.

మరి తాళాల గుత్తి ఉన్న జేబులో పెట్టిన ఫోన్‌కు గీతలు ఎందుకు పడుతున్నాయి? జేబు అడుగున కుట్ల దగ్గర చేరే దుమ్ము వల్ల. ఆ దుమ్ములో ఒక్క పలుగురాయి రేణువు ఉన్నా చాలు. తాళం గుత్తి దాన్ని అద్దానికి అదిమి పెడుతుంది. గీసేది రేణువు. పేరు పడేది తాళానికి.

మన తీరంలో ఇసుక ఎందుకు వేరు?

ఏ ఊరి ఇసుకలోనైనా ఎక్కువ భాగం పలుగురాయి పొడే ఉంటుంది. అంటే మోహ్స్ లెక్కలో 7. ఇదొక్కటే ఫోన్ అద్దాన్ని గీయడానికి సరిపోతుంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లు. ఈ తీరంలో పలుగురాయితో పాటు గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, ఇల్మనైట్, రూటైల్, మోనజైట్ లాంటి బరువైన ఖనిజాలు కూడా ఉన్నాయి.

వీటిలో ఇల్మనైట్, మోనజైట్ ఫోన్ గాజు కన్నా మెత్తనివి లేదా దానికి అటూ ఇటూగా ఉంటాయి. అయితే గార్నెట్ 6.5 నుంచి 7.5 దాకా ఉంటుంది. సిల్లిమనైట్ 7 దగ్గర. జిర్కాన్ 7.5. అంటే ఈ మూడూ అద్దాన్ని సులువుగా గీసేస్తాయి.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయి? తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి విస్తారంగా ఉంది. అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు పెట్టారు. అందులో గార్నెట్, సిల్లిమనైట్ పుష్కలం. వేల ఏళ్లుగా వానలకు ఆ రాయి శిథిలమై పొడి అవుతోంది. ఆ పొడిని నదులు కిందికి మోసుకొస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. నాగావళి శ్రీకాకుళం దాటి కొద్ది దూరంలోనే కలుస్తుంది. మహేంద్రతనయ బారువ దగ్గర.

ఆ తర్వాత పని అలలది. చేటలో బియ్యం చెరిగితే తేలికైన తవుడు ముందుకు ఎగిరి, బరువైన గింజలు వెనక మిగులుతాయి కదా. అలలు కూడా అలాగే తేలికైన పలుగురాయి ఇసుకను లాక్కుపోయి, బరువైన గార్నెట్, ఇల్మనైట్‌లను ఒడ్డున వదిలేస్తాయి. పలుగురాయి కన్నా గార్నెట్ సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. తుపాను అలలు తగ్గాక ఒడ్డు మీద ఎర్రగా, నల్లగా చారలు కనిపించేది అందుకే. ఆ ఎర్రటి చారలో మెరిసేది గార్నెట్. నల్లగా కనిపించేది ఇల్మనైట్.

గార మండలం వత్సవలస పరిసరాల్లో ఈ బీచ్ ఇసుక ఖనిజాల తవ్వకం జరిగింది. గార్నెట్‌కు బయట అంత గిరాకీ ఎందుకంటే, అది అరగదీయడానికి పనికొచ్చే సరుకు. చెక్కను నున్నగా చేసే కొన్ని రకాల గరుకు కాగితాల మీద అంటించేది గార్నెట్ పొడినే. నీటి ధారతో ఇనుప రేకులు కోసే యంత్రాల్లో నీటితో పాటు కలిపేదీ అదే. ఇనుము మీద తుప్పు గీకేందుకు గాలితో కొట్టేదీ అదే. అలాంటి పొడి అంటిన ఫోన్‌ను చొక్కాతో రుద్దితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సముద్రానికి దూరంగా ఉన్నా సేఫ్ కాదు

బీచ్‌కు ఎప్పుడో గానీ వెళ్లం కదా, మాకేంటి అనుకోవద్దు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు, కటింగ్ యూనిట్లు ఉన్నాయి. గ్రానైట్‌లో ఫెల్డ్‌స్పార్, పలుగురాయి రెండూ ఉంటాయి. అక్కడి తెల్లటి దుమ్ము ఫోన్ మీద పడితే దానిదీ ఇదే కథ. రోడ్డు పనుల దగ్గర, ఇళ్లు కట్టే చోట లేచే దుమ్ములోనూ పలుగురాయే ఎక్కువ.

ఊరి కళ్లంలోనూ జాగ్రత్త అవసరం. వరి ఊకలో సిలికా ఉంటుంది. ఊక కాల్చగా మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికానే. మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇత్తడి గిన్నెలు తోమడానికి బూడిద వాడింది అందుకే. గిన్నె తళతళలాడేలా చేసిన ఆ గరుకుతనమే కెమెరా అద్దం మీది పూతకు శత్రువు. నూర్పుళ్లప్పుడు, రైస్ మిల్లు దగ్గర ఫోన్ మీద పేరుకునే పొడిని వెంటనే రుద్దేయకూడదు.

మరి ఉప్పు? నౌపడ ఉప్పు మడుల దగ్గర పనిచేసేవాళ్ల ఫోన్ల మీద తెల్లటి పొర పేరుకోవడం మామూలే. ఉప్పు గట్టితనం 2.5 మాత్రమే. అది అద్దాన్ని గీయలేదు. అయితే ఎండిన ఉప్పు పొర ఫొటోను మసకగా చేస్తుంది. దానితో పాటు ఇసుక రేణువులను కూడా పట్టి ఉంచుతుంది. పొడిగా రుద్దితే ఉప్పుతో పాటు ఆ ఇసుక కూడా కదిలి గీతలు పెడుతుంది. ఉప్పు నీటిలో కరుగుతుంది కాబట్టి కొద్దిగా తడిపిన గుడ్డే దానికి మందు.

అసలు నేరం జరిగేది తుడిచేటప్పుడే

అద్దం మీద ఇసుక రేణువు ఊరికే ఉంటే గీత పడదు. గీత పడాలంటే రెండు కావాలి. ఒకటి ఒత్తిడి, రెండోది కదలిక. మనం వేలు పెట్టి గుండ్రంగా తుడిచినప్పుడు రెండూ ఒకేసారి జరుగుతాయి. వేలి బలం మొత్తం గుడ్డ కింద ఇరుక్కున్న రేణువు మొన మీద పడుతుంది. మొన ఎంత సన్నగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ. సూది గుచ్చుకున్నంత తేలిగ్గా వేలు గుచ్చుకోదు కదా, అదే లెక్క.

ఇందులో గుడ్డ తప్పు లేదు. నూలు దారం గాజు కన్నా చాలా మెత్తన. పొందూరు ఖద్దరు లాంటి మెత్తటి బట్ట అయినా సరే, ఇసుక అంటితే గరుకు కాగితంలా మారిపోతుంది. పైగా చొక్కా అంచు, లుంగీ కొంగు, చీర చెంగు రోజంతా దుమ్ము పట్టే చోట్లు. ఫోన్ తుడవడానికి మనం ముందు అందుకునేవీ అవే.

ఇంకో అలవాటు కూడా ఉంది. కెమెరా భాగం ఇప్పటి ఫోన్లలో వెనక ఉబ్బెత్తుగా ఉంటుంది. ఫోన్‌ను వెల్లకిలా టేబుల్ మీద, గట్టు మీద పెడితే ముందు ఆనేది ఆ భాగమే. సిమెంటు గట్టు మీద పెట్టి జరిపితే గట్టులోని ఇసుక నేరుగా అద్దాన్ని గీస్తుంది.

గొరిల్లా గ్లాస్, సఫైర్.. తేడా ఏంటి?

ఫోన్ ప్రకటనల్లో ఎక్కువగా వినిపించే పేరు కార్నింగ్ కంపెనీ గొరిల్లా గ్లాస్. దీన్ని గట్టిపరిచే పద్ధతి ఆసక్తిగా ఉంటుంది. గాజును కరిగించిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి వచ్చి, వాటి చోట్లో పెద్దవైన పొటాషియం అయాన్లు దూరతాయి. నలుగురు కూర్చునే సీట్లో నలుగురు బొద్దు మనుషులు కూర్చున్నట్టు పైపొర మొత్తం ఇరుకై బిగుసుకుపోతుంది. ఆ బిగువు వల్లే గాజు అంత తేలిగ్గా పగలదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పగలకపోవడం వేరు, గీతలు పడకపోవడం వేరు. ఈ పద్ధతి ప్రధానంగా పగుళ్లను ఆపుతుంది. గీతల విషయంలో కొంత మేలు చేసినా, పలుగురాయిని తట్టుకునేంత కాదు.

కెమెరాల కోసమే కార్నింగ్ 2021 జులైలో డీఎక్స్, డీఎక్స్ ప్లస్ అనే రకాలను ప్రకటించింది. వెలుతురు ఎక్కువగా లోపలికి వెళ్లేలా, గీతలు తక్కువ పడేలా వీటిని తయారు చేశామని చెప్పింది. మొదట వాడే కంపెనీగా శాంసంగ్ పేరు వచ్చింది.

యాపిల్ దారి వేరు. 2012లో వచ్చిన ఐఫోన్ 5 నుంచి కెమెరా మూతకు సఫైర్ వాడుతున్నట్టు చెబుతోంది. సఫైర్ అంటే నీలం. రసాయనంగా చూస్తే కురువిందం జాతే, మోహ్స్ లెక్కలో 9. ఫోన్లలో వాడేది గనిలో దొరికిన రత్నం కాదు, ఫ్యాక్టరీలో పెంచిన స్ఫటికం. లెక్క ప్రకారం పలుగురాయి, గార్నెట్, జిర్కాన్ ఏవీ దీన్ని గీయలేవు. అయినా 2016లో యూట్యూబర్ జాక్ నెల్సన్ ఐఫోన్ 7 మీద చేసిన పరీక్షలో కెమెరా మూత మీద 6వ నంబర్ సూది దగ్గరే గుర్తులు పడ్డాయి. దానిపై పెద్ద చర్చే నడిచింది. అందుకే పెట్టె మీద సఫైర్ అని ఉంది కదా అని ఇసుకతో ఆటలాడటం మంచిది కాదు. సఫైర్‌కు ఇంకో బలహీనత కూడా ఉంది. అది గట్టిదే గానీ వంగదు. సరైన చోట దెబ్బ తగిలితే పగులుతుంది.

9హెచ్ అంటే 9 కాదు!

మొబైల్ షాపుల్లో కెమెరా గార్డ్ అడిగితే "9హెచ్ అండి, గీత పడదు" అని చేతిలో పెడతారు. చాలామంది ఈ 9ని మోహ్స్ స్కేల్‌లోని 9 అనుకుంటారు. అంటే నీలం అంత గట్టిది అనుకుంటారు. అసలు విషయం వేరు.

9హెచ్ అనేది పెన్సిల్ పరీక్ష. డ్రాయింగ్ పెన్సిళ్లలో హెచ్‌బీ, 2హెచ్, 4హెచ్ అని ఉంటాయి కదా. వాటిలో బాగా గట్టిది 9హెచ్. ఆ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదు అన్నదే ఆ ముద్రకు అర్థం. పెన్సిల్ ములుకు గ్రాఫైట్, బంకమన్ను కలిపి చేస్తారు. ఇసుక ముందు అది చాలా మెత్తన. కాబట్టి 9హెచ్ గార్డ్ పెన్సిల్‌ను తట్టుకుంటుంది, కళింగపట్నం ఇసుకను కాదు.

అలాగని గార్డ్ పనికిరాదని కాదు. గీత పడితే దాని మీదే పడుతుంది, తీసి పారేసి కొత్తది వేసుకోవచ్చు. సముద్రం మీదికి వెళ్లేవాళ్లకు, క్వారీల్లో, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లకు ఇది లాభమే. మిగతావాళ్లు ఒకటి ఆలోచించుకోవాలి. నాసిరకం గార్డ్ వల్ల రాత్రి లైట్లకు ఫొటోలో వెలుగు మరకలు వస్తాయి, ఫ్లాష్ వేస్తే పొగ పట్టినట్టు కనిపిస్తుంది. గార్డ్‌కు, అద్దానికి మధ్య దుమ్ము దూరితే అదొక తలనొప్పి. వాళ్లకు కెమెరా అంచు కన్నా కొంచెం ఎత్తుగా ఉండే పౌచ్ చాలు.

గీత పడితే ఫొటోకు ఏమవుతుంది?

ఒక చిన్న గీత పడగానే కెమెరా పాడైపోయిందని కంగారు పడాల్సిన పనిలేదు. పై అద్దం లెన్స్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. కెమెరా దూరంగా ఉన్న మనిషి మీద ఫోకస్ చేసినప్పుడు కళ్లెదుటే ఉన్న గీత కనిపించనంతగా చెదిరిపోతుంది. కంటి అద్దాల మీద చిన్న గీత ఉన్నా రోడ్డు కనిపిస్తుంది కదా, అలాగన్నమాట. అందుకే పగటి వెలుతురులో తీసిన ఫొటోలో గీత ఆకారం కనిపించదు.

ఇబ్బంది వెలుతురు ఎదురుగా ఉన్నప్పుడు మొదలవుతుంది. సూర్యుడికి ఎదురుగా తీసినా, రాత్రి వీధి దీపాల కింద తీసినా ఆ గీత వెలుగును పక్కలకు చెదరగొడుతుంది. ఫొటో పాలిపోయినట్టు వస్తుంది. దీపం చుట్టూ తోకలు, చారలు కనిపిస్తాయి. విజయనగరంలో సిరిమానోత్సవం రోజు సాయంత్రం దీపాల వెలుగులో తీసిన వీడియో అంతా మసకగా వస్తే, తప్పు జనానిది కాదు, అద్దానిది కావచ్చు.

గీతలు వేర్వేరు కెమెరాలను వేర్వేరుగా దెబ్బతీస్తాయి. అల్ట్రావైడ్ కెమెరాకు దగ్గరి వస్తువులు, దూరపు వస్తువులు రెండూ స్పష్టంగా కనిపించే గుణం ఉంటుంది. అందుకే దాని అద్దం మీది గీత, దుమ్ము త్వరగా బయటపడతాయి. ఒకటీ అరా గీతల కన్నా, పూత అరిగిపోయి అద్దమంతా పరుచుకున్న వందల సన్న గీతలే ఫొటోను ఎక్కువ పాడు చేస్తాయి.

గీతకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. అద్దాల షాపులో పనివాళ్లు గాజును ఎలా కోస్తారో చూసే ఉంటారు. ముందు కట్టర్‌తో సన్నటి గీత గీస్తారు, తర్వాత చిన్నగా వంచితే ఆ గీత వెంటే గాజు రెండు ముక్కలవుతుంది. పగులు ఎప్పుడూ పైన ఉన్న లోపం దగ్గరే మొదలవుతుంది. లోతైన గీత ఉన్న కెమెరా అద్దం ఫోన్ కింద పడినప్పుడు తేలిగ్గా పగలడానికి కారణం ఇదే. పగిలితే లోపలికి దుమ్ము, తేమ వెళ్తాయి. అప్పుడు నష్టం అసలు లెన్స్ దాకా వస్తుంది.

సెల్ఫీల కన్నా పెద్ద లెక్క ఉంది

కెమెరా ఇప్పుడు సరదా వస్తువు కాదు, పని ముట్టు. ఉపాధి హామీ పనుల దగ్గర హాజరును ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో, రోజుకు రెండుసార్లు ఫొటోలతో నమోదు చేయాలని కేంద్రం 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. ఆ ఫొటోలు తీసేది మట్టి పని జరిగే చోట, ఎండలో, దుమ్ములో. తీసేది మేట్ సొంత ఫోన్‌తో. ఫొటోలో మనుషులు స్పష్టంగా కనిపించాలి. ఎండకు ఎదురుగా నిలబడి, అరిగిన అద్దంతో తీస్తే ముఖాలు పాలిపోతాయి.

పంట ఫొటో తీసే రైతు, రొయ్యల చెరువు దగ్గర నీటి రంగును ఫొటో తీసి సలహా అడిగే ఆక్వా రైతు, పట్టాదారు పుస్తకాన్ని ఫొటో తీసి పంపే ఇంటి పెద్ద, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టే ప్రతి ఒక్కరూ ఈ చిన్న అద్దం మీదే ఆధారపడి ఉన్నారు. పదివేల రూపాయల ఫోన్‌ను నాలుగేళ్లు నడిపించాలనుకునే ఇంట్లో కెమెరా అద్దం కాపాడుకోవడం అంటే డబ్బు కాపాడుకోవడమే. ఎందుకంటే గీతలు, పగుళ్లు మామూలు వారంటీలో సాధారణంగా రావు.

గీతా? జిడ్డు మరకా? ఇలా తేల్చుకోండి

రిపేర్ షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మసక ఫొటోలకు చాలాసార్లు కారణం వేలి జిడ్డే. అది కూడా గీతల్లాగే వెలుగును చెదరగొడుతుంది.

1. కింద చెప్పిన పద్ధతిలో అద్దాన్ని శుభ్రం చేయండి.

2. రాత్రి వీధి దీపాన్ని ఒక ఫొటో తీయండి. చారలు పోతే అది జిడ్డే. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పని అయిపోయింది.

3. చారలు పోకపోతే 0.5ఎక్స్, 1ఎక్స్, 2ఎక్స్ మార్చి అదే దీపాన్ని మళ్లీ తీయండి. ఒక్క దాంట్లోనే చారలు వస్తే ఆ కెమెరా అద్దం మీదే సమస్య ఉన్నట్టు.

4. ఇంకో ఫోన్ టార్చ్‌ను అద్దం మీద పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. గీతలు ఉంటే మెరుస్తాయి. లోపల దుమ్ము, తేమ ఉన్నా అప్పుడే తెలుస్తుంది. లోపల ఉంటే తుడవడం వల్ల లాభం లేదు, టెక్నీషియన్ దగ్గరికి వెళ్లాల్సిందే.

తుడిచే సరైన పద్ధతి

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే.. ముందు దులపాలి, తర్వాతే తుడవాలి.

బీచ్ నుంచో, పని నుంచో రాగానే ఫోన్‌ను కెమెరా కిందికి ఉండేలా పట్టుకుని వెనక మెల్లగా తట్టండి. సగం ఇసుక అప్పుడే రాలిపోతుంది. తర్వాత శుభ్రమైన మెత్తటి బ్రష్‌తో, ఒత్తకుండా, అంచుల వెంట దులపండి. కొత్తది, మెత్తటిది అయితే చిన్న పెయింట్ బ్రష్ అయినా సరిపోతుంది. కెమెరా షాపుల్లో దొరికే రబ్బరు బంతి లాంటి గాలి పంపు ఉంటే ఇంకా మంచిది. పౌచ్ తీసి దాన్ని కూడా దులపాలి. కెమెరా చుట్టూ ఉన్న పౌచ్ అంచులోనే ఇసుక ఎక్కువగా దాక్కుంటుంది.

ఆ తర్వాత కళ్లద్దాలు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డను ఒక మూల కొద్దిగా మంచి నీటితో తడిపి, బరువు పెట్టకుండా తుడవండి. గుండ్రంగా పదిసార్లు రుద్దడం కన్నా, ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఒకసారి తుడిచి గుడ్డను తిప్పి మళ్లీ తుడవడం మేలు. పట్టుకున్న రేణువు మళ్లీ అద్దం మీదికి రాదు. ఆ గుడ్డను వారానికోసారి సబ్బుతో ఉతికి ఆరబెట్టండి. జేబులో వేసుకుని తిరగొద్దు.

నీటి రక్షణ ఉన్న ఫోన్ అని కుళాయి కింద పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి. ఐపీ67, ఐపీ68 లాంటి పరీక్షలు మంచి నీటితో, కొత్త ఫోన్ల మీద చేసేవి. సముద్రపు నీటికి అవి వర్తించవు. తక్కువ ధర ఫోన్లు చాలావాటికి నీటి తుంపర్ల వరకే రక్షణ ఉంటుంది. కాబట్టి తడి గుడ్డే సేఫ్.

టూత్‌పేస్ట్ చిట్కా జోలికి పోవద్దు

టూత్‌పేస్ట్‌తో రుద్దితే గీతలు పోతాయని సోషల్ మీడియాలో వీడియోలు తిరుగుతుంటాయి. టూత్‌పేస్ట్‌లో పళ్లు తోమడానికి కాల్షియం కార్బొనేట్, సిలికా లాంటి గరుకు పొడులు కలుపుతారు. అవి గీతను పూడ్చవు. చుట్టూ ఉన్న పూతను అరగదీస్తాయి. గీత కొంచెం తగ్గినట్టు అనిపించినా, వెలుతురు వెనక్కి పోకుండా ఆపే పూత పోయి ఫొటో ఇంకా పాలిపోతుంది. అద్దాలు పాలిష్ చేసే పొడితో రుద్దినా ఇదే జరుగుతుంది. వంట సోడా, బూడిద కూడా వద్దు.

అద్దం ఎప్పుడు మార్చాలి?

పగటి ఫొటోలు బాగానే వస్తుంటే ఒకటి రెండు గీతల కోసం అద్దం మార్చాల్సిన పనిలేదు. శుభ్రం చేశాక కూడా ప్రతి ఫొటో మసకగా వస్తున్నా, అద్దం పగిలినా ఆలస్యం చేయొద్దు. పగులు ఉన్నంత కాలం లోపలికి దుమ్ము వెళ్తూనే ఉంటుంది. షాపుకు వెళ్లేదాకా పగులు మీద పారదర్శక టేపు ముక్క అంటించి ఉంచుకోవచ్చు.

షాపులో మూడు ప్రశ్నలు అడగండి. పై అద్దం ఒక్కటే మారుస్తారా, మొత్తం కెమెరానా? వేసేది కంపెనీ అద్దమా, బయటిదా? మార్చాక ఫోన్‌కు ఉన్న నీటి రక్షణ అలాగే ఉంటుందా? బయటి అద్దాల్లో కొన్నింటికి వెలుతురును లోపలికి పంపే పూత ఉండదు. అలాంటిది వేయిస్తే గీత పోయినా రాత్రి ఫొటోల్లో మెరుపు మరకలు మిగులుతాయి. బిల్లు కట్టే ముందే షాపు లైటుకు ఎదురుగా ఒక ఫొటో తీసి చూసుకోవాలి.

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అందరూ అడుగుతారు. ఇసుక, దుమ్ము మధ్య పనిచేసేవాళ్లు కెమెరా మీది అద్దం ఏ రకమో, అది విడిగా దొరుకుతుందో లేదో కూడా అడగాలి. ఈ తీరంలో ఏ అద్దమూ ఇసుక మీద పూర్తిగా గెలవదు. దులపకుండా తుడవడం మానేస్తే మాత్రం చాలా గీతలు అసలు పడవు.